నీనా తల్లి బతికే ఉంది

ఫ్రెంచి వీసా ఆఫీసులో అద్దం అవతల కూర్చున్న ఉద్యోగిని ఫైలు మూసి దాని మీద రెండు చేతులూ ఆనించింది. "ఇంతకీ మీరెవరో చెప్పండమ్మా," అంది.

సువాఫారాకు ఆ ప్రశ్న అంతుపట్టలేదు. ఐదు నిమిషాల కిందట ఈవిడే తనను పేరు పెట్టి పిలిచింది. పాస్‌పోర్టు తీసుకుని ఫొటోనూ ముఖాన్నీ మార్చి మార్చి చూసింది. మజుంగా నుంచి రాజధాని తానాకు పద్నాలుగు గంటలు వ్యానులో ఒళ్ళు హూనం చేసుకుని వచ్చింది కదా, తన చెవులే సరిగా పనిచేయడం లేదేమో అనుకుంది.

"సువాఫారానండి. నీనా వాళ్ళమ్మని. ఫ్రెంచి బిడ్డల తల్లిదండ్రులకిచ్చే వీసా కోసం నెలన్నర కిందట కాగితాలిచ్చాను. మళ్ళీ రమ్మన్నారని వచ్చాను."

"కాగితాలన్నీ చూశాం. పిల్ల ఫ్రెంచి పౌరురాలు, పన్నెండేళ్ళు, అక్కడ తండ్రి దగ్గర ఉంటోంది. అందులో పేచీ ఏమీ లేదు." ఆవిడ గొంతు తగ్గించింది. "పిల్ల తల్లి చనిపోయి ఏడేళ్ళయింది. మరణ ధ్రువపత్రం అక్కడి ఫైల్లో ఉంది. అందుకే అడుగుతున్నాను, మీరెవరు?"

సువాఫారాకు నవ్వొచ్చింది. ఎందుకొచ్చిందో తెలియదు, దానంతటదే వచ్చి, సగంలో ఆగిపోయింది.

"ఏ తల్లండీ?"

"మీరు రాసిన పేరే. మీరు రాసిన పుట్టిన తేదీయే. చనిపోయిన మనిషి పేరుతో దరఖాస్తు పెట్టడం చిన్న తప్పు కాదమ్మా. మీచేత ఎవరైనా పెట్టిస్తే ఇప్పుడే చెప్పేయండి."

సువాఫారా రెండు చేతులూ అద్దానికి ఆనించి చూపింది. రొయ్యల ప్లాంటులో పదేళ్ళుగా ఐసు నీళ్ళలో తలలు తీసీ తీసీ వేళ్ళ కొసలు తెల్లగా పాలిపోయి, ముళ్ళ గీతలు పడి ఉన్నాయి. "చూడండి మేడం. చచ్చినోళ్ళ చేతులకి కొత్త గాట్లు పడతాయా? ఇది మొన్న సోమవారం గీసుకుంది."

ఉద్యోగిని ఆ గాటు వైపు చూసింది. ముఖం వైపు చూసింది. తర్వాత ఒక చిన్న కాగితం మీద నాలుగు ముక్కలు రాసి కిటికీ కింది సందులోంచి తోసింది. ఏ కమ్యూన్ పంచాయతీ ఆఫీసు, ఏ సంవత్సరం, రిజిస్టర్లో ఎన్నో నంబరు.

"దరఖాస్తు కొట్టేయడం లేదు, పక్కన పెడుతున్నాను. మీరే ఆవిడైతే ఈ రికార్డును కోర్టులో రద్దు చేయించుకు రండి. నా చేతిలో ఉన్నది ఇంతే."

బయటికొచ్చి వరుసలో నిలబడ్డ జనం పక్కనే గోడకు ఆనుకుంది సువాఫారా. ఎవరో ముసలాయన "ఇచ్చారా అమ్మా?" అని అడిగాడు. తల అడ్డంగా ఊపింది. "మళ్ళీ పెట్టుకోవచ్చులే, ప్రాణం పోలేదుగా," అన్నాడాయన.

* * *

ఫాబ్రిస్ మజుంగాకు వచ్చింది రొయ్యల చెరువుల దగ్గర మోటార్లు బాగుచేయడానికి. ఫ్రెంచి దేశంలో బ్రిటనీ తీరం వాడు, మాట తక్కువ మనిషి. మహాబీబు పేటలో రేకుల ఇంట్లో సువాఫారాతో ఐదేళ్ళు కాపురం చేశాడు. నీనా పుట్టిన మూడో రోజునే మునిసిపాలిటీకి వెళ్ళి పిల్ల తనదని రాయించాడు. ఉద్యోగం అయిపోయాక, నాలుగేళ్ళ నీనాను చూపిస్తూ, "ముందు నేనూ పిల్లా వెళ్తాం. బడిలో వేస్తాను. ఇల్లు కుదిరాక నిన్ను పిలిపిస్తాను," అన్నాడు. సువాఫారా ఇద్దరినీ విమానం ఎక్కించి వచ్చింది. ఒక ఏడాది ప్రతి ఆదివారం ఫోను. నీనా మాటల్లో ఇంటి భాష మాటలు ఒక్కొక్కటే రాలిపోయి ఫ్రెంచి మాటలు వచ్చి చేరడం ఆ ఏడాదంతా విన్నది. తర్వాత ఆ నంబరు మోగడం మానేసింది.

అన్న తుంబు చేపల పడవ నడుపుతాడు. ఆమె ఏడ్చినప్పుడల్లా అతనే ఓదార్చేవాడు. "చేస్తాడే, పని ఒత్తిడేమో. పిల్ల రాజకుమారిలా ఉంటుంది, నువ్వు మనసు పాడుచేసుకోకు," అనేవాడు. పాత అడ్రసుకు ప్రతి ఏడూ నీనా పుట్టినరోజుకు ఒక గౌను కుట్టి పంపేది సువాఫారా. తపాలా రసీదులు దాచింది. రెండేళ్ళ కిందట, ప్లాంటులో పక్కన కూర్చునే జుహారా కొడుకు ఫేస్‌బుక్‌లో వెతికి వెతికి ఒక చిన్న ఊరి బడి ఫొటో పట్టుకున్నాడు. తాను గీసిన బొమ్మ పట్టుకుని నిలబడ్డ పొడవాటి పిల్ల, కింద పేరు. అప్పటినుంచి ఈ వీసా గురించి తెలుసుకుంది, పాస్‌పోర్టు చేయించుకుంది, కాగితం మీద కాగితం కూడబెట్టింది.

తానా నుంచి తిరిగొచ్చి జరిగింది చెబితే జుహారా రొయ్య చేతిలోనే పట్టుకుని బిత్తరపోయింది. కాసేపటికి, "చచ్చిన దానివి మధ్యాహ్నం గిన్నెడన్నం ఎలా తింటున్నావే? చేప ముక్క ఇటు పెట్టు," అంది. నవ్వించబోయింది, కానీ తన కళ్ళలోనే నీళ్ళు తిరిగాయి.

"ఎవరో తప్పు రాసుంటారు. నా పేరు గల మనిషి ఇంకొకామె ఉండుంటుంది," అంది సువాఫారా.

"పుట్టిన తేదీ కూడానా?"

సువాఫారా తల వంచుకుని ఇంకో రొయ్య తల తీసింది.

* * *

ఆ కమ్యూన్ అఖాతానికి అవతలి ఒడ్డున ఉంది. పొద్దున్నే పంటు ఎక్కి, దిగి, ఎర్రమట్టి బాటన గంట నడిచింది. ఆఫీసు ఒకటే గది. కళ్ళజోడు తాడుతో మెడకు కట్టుకున్న గుమాస్తా కాగితం మీద నంబరు చూసి, అలమరలోంచి పెద్ద రిజిస్టరు దించి, దుమ్ము ఊది, పేజీలు తిప్పాడు.

"ఇదిగో. నకలు కావాలా? మీకు ఏమవుతుంది పోయినావిడ?"

"నేనేనండి."

"అంటే?"

"ఆ పోయినావిడని నేనే."

గుమాస్తా కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. రిజిస్టరును ఆమె వైపు తిప్పాడు.

నీలం సిరాతో పొందికైన అక్షరాలు. ఆమె పేరు. అమ్మ పేరు, నాన్న పేరు. పుట్టిన తేదీ, తప్పు లేకుండా. మార్చి పద్నాలుగున ఉదయం, మూడు రోజుల జ్వరంతో, అన్న ఇంట్లో మరణం. చివరి వరుసలో, సమాచారం ఇచ్చినవారు: తుంబు, మృతురాలి సోదరుడు, చేపలు పట్టువాడు. దాని పక్కన సంతకం. ఆ సంతకంలో చివరి అక్షరానికి కొక్కెంలా ఒక తోక. చిన్నప్పుడు ఒకే పలక మీద రాసుకున్నవాళ్ళు, ఆ తోకను ఆమె ఎక్కడైనా గుర్తుపడుతుంది.

గత ఆదివారం ఆ అన్న ఇంట్లోనే కొబ్బరి పాలతో వండిన చేపల కూర తిన్నది. ఏడేళ్ళుగా ఏ ఆదివారమూ తప్పలేదు. ఏడేళ్ళుగా అతను ఆమె పళ్ళెంలో అన్నం వడ్డిస్తూ, ఇంటి అలవాటు ప్రకారం అన్నం అడుగంటిన గిన్నెలో కాచిన నీళ్ళు గ్లాసులో పోసి ఇస్తూ, ఆమె చచ్చిన సంగతి తెలిసే ఉన్నాడు.

"అప్పుడు నేను లేనమ్మా ఇక్కడ," అన్నాడు గుమాస్తా, ఎవరూ అడగకపోయినా. "పక్క ఊళ్ళ వాళ్ళు కూడా ఇక్కడ రాయించుకుని పోతుంటారు. ఇద్దరు సాక్షులుంటే రాసేవారు." లేచి, తన కుర్చీ తెచ్చి ఆమె వెనక పెట్టాడు. "కూర్చోండి. ముఖం తెల్లబడింది."

* * *

తుంబు ఒడ్డున పడవ నీడలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. చెల్లెలు నకలు కాగితం వల మీద పడేసింది. అతను దాన్ని చేతుల్లోకి తీసుకోలేదు. దూరం నుంచే గుర్తుపట్టాడు.

"ఎంతిచ్చాడు?" అంది.

"ఏమీ ఇవ్వలేదు."

"మోటారు ఇచ్చాడా? వలలిచ్చాడా?"

"ఏమీ తీసుకోలేదు సువా. ఒట్టు."

అది విని ఆమెకు ఇంకా భయం వేసింది. డబ్బు తీసుకుని ఉంటే అర్థమయ్యేది. ఇలాంటి పని అన్న ఊరికే చేశాడంటే ఆ మనిషి లోపల ఏముందో తనకు అసలు తెలియదన్నమాట.

"మరెందుకు చేశావన్నా?"

తుంబు వల అల్లే కండె పక్కన పెట్టాడు. "ఫాబ్రిస్ ఫోను చేశాడు. అక్కడ ప్రతిదానికీ తల్లి సంతకం కావాలంటున్నారు, లేదంటే కోర్టు, కోర్టంటే ఏళ్ళు, ఈలోగా నువ్వు పిల్లని తిరిగి పంపమంటే పంపాల్సొస్తుంది అన్నాడు. ఒక్క కాగితం, ఎవరికీ నష్టం లేదు, ఎవరికీ తెలీదు అన్నాడు."

"నేను పంపమనేదాన్నే."

"తెలుసు. అందుకే నిన్నడగలేదు." అతను మొదటిసారి తలెత్తాడు. "అప్పటికి మా బిడ్డ పోయి నాలుగు నెలలే నాకు. నీకు గుర్తుందిగా. మూడు రోజుల జ్వరం. ఆసుపత్రికి పోదామంటే పంటు లేదు, పంటు వచ్చేసరికి పిల్ల లేదు. నీనా ఇక్కడికొస్తే దానికీ అదే గతి అనిపించింది నాకు. అక్కడైతే బతుకుతుంది. నువ్వు కాగితం మీద పోతే పోయావు, పిల్ల బతుకుతుంది అనుకున్నాను."

సువాఫారా నకలు వైపు చూసింది. మార్చి పద్నాలుగు. ఉదయం. మూడు రోజుల జ్వరం. ఆ తేదీ ఎక్కడిదో ఇప్పటిదాకా ఆమెకు తట్టలేదు.

"ఇది నీ కూతురు పోయిన రోజు," అంది మెల్లగా.

"ఎలా పోయిందని అక్కడ రిజిస్టరు రాసేవాడు అడిగాడు. నాకు వేరే చావేదీ నోటికి రాలేదు. దాని చావే చెప్పాను. చెబుతూ ఏడ్చాను. ఏడుపు నిజమైనదేగా. అందుకే నమ్మారు."

ఆమె కొట్టాలనుకుని వచ్చింది. చేయి లేవలేదు. జాలి పడదామన్నా రాలేదు. "కోర్టుకొచ్చి ఇదంతా చెప్పాలి నువ్వు," అంది.

"జైల్లో వేస్తారు."

"వేస్తారు."

"పిల్లలు..."

"నీ పిల్లలకి నేనన్నం పెడతాను. నువ్వు రావాలి." 

ఆ తర్వాత ఒక రోజు నాన్న అక్క, పెద్దత్త ఇంట్లో కుటుంబమంతా కూర్చుంది. కొందరు గోల చేశారు, సొంత అన్నని కోర్టుకీడుస్తావా అన్నారు. పెద్దత్త ఒక్క మాటే అంది: "బతికున్న మనిషిని పూర్వీకుల లెక్కలో కలిపాడు వీడు. వాళ్ళు అక్కడ దీని కోసం చూస్తూ ఉండి ఉంటారు ఏడేళ్ళుగా. ముందు ఆ లెక్క సరిచేయండి, తర్వాత మీ పరువు సంగతి చూద్దాం." తుంబు మూలన మోకాళ్ళ మీద తల పెట్టుకు కూర్చున్నాడు.

* * *

కోర్టు పని తొమ్మిది నెలలు పట్టింది. జడ్జి ఆమె ముఖమూ కాగితాలూ చూసి, ప్లాంటు సూపర్‌వైజరునూ, జుహారానూ, పేట పెద్దనూ పిలిపించి, ఈమె ఫలానా అని ముగ్గురి చేతా చెప్పించాడు. "ఈవిడ పోయిందని ఉన్న రోజుల్లో ఎక్కడుంది?" అని జుహారాను అడిగాడు.

"నా పక్కనే ఉందయ్యగారూ. రోజూ నాకంటే ఎక్కువ గంపలు నింపేది. చచ్చినోళ్ళు అంత పని చేస్తే మాలాంటోళ్ళకి కూలెవరిస్తారు?"

జడ్జి నవ్వలేదు కానీ కలం కాసేపు ఆపాడు.

తుంబు బోను ఎక్కి మొత్తం చెప్పాడు. ఎక్కడా తప్పు ఫాబ్రిస్ మీదకు నెట్టలేదు. మరణ రికార్డు రద్దయింది. తప్పుడు సమాచారానికి అతనికి ఆరు నెలల శిక్ష వేసి, మళ్ళీ తప్పు చేయనంతకాలం లోపలికి పోనక్కర్లేదన్నారు. బయట మెట్ల మీద చెల్లెలి కోసం ఆగాడు. ఆమె అతని పక్కనుంచే నడిచి వెళ్ళింది. ఆదివారం అతని ఇంటికి వెళ్ళలేదు. ఆ తర్వాతి ఆదివారం కూడా.

తీర్పు నకలు పట్టుకుని మళ్ళీ తానా వెళ్ళింది. అద్దం అవతల అదే ఉద్యోగిని. కాగితం చివరిదాకా చదివి, తపాలా రసీదులన్నీ ఒక్కొక్కటే విప్పి చూసింది.

"ఎనిమిది గౌన్లు పంపారా?"

"కొలత తెలీదండి. ఏడాదికింత పెరుగుతుందని ఊహించి కుట్టాను."

ఆరు వారాలకు వీసా వచ్చింది. ఏడాది ఉండొచ్చని, అక్కడికెళ్ళాక మూడు నెలల్లో నమోదు చేయించుకోవాలని రాసి ఉంది. ఎయిర్‌పోర్టుకు జుహారా వచ్చింది. తుంబు రాలేదు. వాళ్ళ చిన్నదానితో ఒక పొట్లం పంపాడు, ఎండు చేపలు. సువాఫారా తీసుకుంది.

* * *

సువాఫారా రాసిన ఉత్తరాలకు ఫాబ్రిస్ జవాబివ్వలేదు. జవాబు రాసింది అతని భార్య సోలెన్. తీర్పు నకలు వాళ్ళ ఇంటికి చేరిన రోజున ఆ కవరు తానే విప్పానని, చదివి వంటింట్లో నేల మీద కూర్చుండిపోయానని రాసింది. "మీరు లేరనే నేను ఈ ఇంటికొచ్చాను. నాకిదేమీ తెలీదు. నీనాకు నేనే చెప్పాను. స్టేషనుకు తీసుకొస్తాను."

చిన్న స్టేషను. సన్నని వాన. రైలు దిగిన నలుగురిలో సువాఫారా ఒక్కతే నల్లగా ఉంది కనుక వెతుక్కోవలసిన అవసరం ఎవరికీ రాలేదు. ప్లాట్‌ఫారం చివర ఎర్ర కోటు వేసుకున్న ఆడమనిషి, ఆమె వెనక సగం దాక్కుని పొడవాటి పిల్ల. పిల్ల నుదురు సువాఫారా అమ్మ నుదురే. అది చూడగానే పెట్టె చేతిలోంచి జారిపోయింది.

నీనా దగ్గరికి రాలేదు. మూడడుగుల దూరంలో ఆగి, దయ్యాన్ని చూసినట్టు చూసింది. అది నిజంగానే అలాంటి చూపే.

"మీరు... నిజంగా ఆవిడేనా?" అంది ఫ్రెంచిలో.

అమ్మని 'మీరు' అంది. సువాఫారా ఆ మాట మింగుకుంది. "నేనే."

"ప్రతి మార్చిలో నాన్న నన్ను సముద్రం దగ్గరికి తీసుకెళ్ళేవాడు. మీకోసం పూలు నీళ్ళలో వేసేవాళ్ళం. నేను ఏడ్చేదాన్ని." పిల్ల గొంతు పెరిగింది. "నేనేడుస్తుంటే మీరు ఎక్కడున్నారు?"

"రొయ్యలు ఒలుస్తున్నాను."

పిల్ల అయోమయంగా చూసింది. ఇంకేదో పెద్ద జవాబు ఊహించి ఉంటుంది. సోలెన్ ముఖం పక్కకు తిప్పుకుంది.

"ఎందుకు రాలేదు మరి?"

"నేను పోయానని నాకెవరూ చెప్పలేదమ్మా. నువ్వు ఫోను చేయడం మానేశావనుకున్నాను. నీమీద కోపం కూడా వచ్చింది కొన్నాళ్ళు."

నీనా కిందికి చూసింది. వాన జుట్టు మీద చుక్కలు చుక్కలుగా నిలిచింది. "నాకు నాన్న మీద కోపంగా ఉంది," అంది చివరికి. "పెద్దయ్యాక చెబుదామనుకున్నానంటాడు. మీమీద కూడా కోపంగా ఉంది. ఎందుకో తెలీదు."

"ఉండనీ."

ముగ్గురూ కారు దాకా నడిచారు. పెట్టెకు రెండో వైపు పిడి నీనా పట్టుకుంది, అడగకుండానే, కానీ తల్లి చేతికి తన చేయి తగలకుండా.

సువాఫారాకు ఆ ఊళ్ళోనే, ఆల్చిప్పలు శుభ్రం చేసే షెడ్డులో పని దొరికింది. షెడ్డు పైన గది. నీనా ఎవరి దగ్గర ఎన్ని రోజులుండాలో అక్కడి జడ్జి తేల్చాలి, అందుకు ఇంకా టైముంది. ఫాబ్రిస్ ఒక్కసారి షెడ్డు గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాలేక వెనక్కి వెళ్ళాడు. ఆమె తలుపు సందులోంచి చూసింది, పిలవలేదు. అతనితో ఏం మాట్లాడాలో ఆమెకు ఇంకా తెలియదు. ఆల్చిప్ప కత్తి చేతిలో ఉన్నప్పుడు మాత్రం మాట్లాడకూడదని తెలుసు.

నీనా మొదటి మూడు బుధవారాలు సోలెన్‌తో వచ్చి, కుర్చీ అంచున కూర్చుని వెళ్ళింది. నాలుగో బుధవారం ఒక్కతే సైకిలు మీద వచ్చింది. అన్నం తిన్నది. కొబ్బరి పాల కూర కొంచెం వాసన చూసి, తర్వాత రెండోసారి వడ్డించుకుంది. తినేసి, బూట్లు వేసుకుంటూ వంగి, తల ఎత్తకుండా అడిగింది.

"సోమవారం క్లాసులో చెప్పొచ్చా? మీరున్నారని."

"చెప్పు."

"నమ్మరు. రెండో తరగతిలో నేనే చెప్పాను అందరికీ, మా అమ్మ చనిపోయిందని. టీచరమ్మ నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది కూడా."

"అయితే నేనొచ్చి గేటు దగ్గర నిలబడతాను. అందరూ చూస్తారు."

నీనా ఆలోచించింది. "నాలుగున్నరకి వదులుతారు," అంది. "షెడ్డు బూట్లతో రావద్దు, వాసనొస్తాయి."

సోమవారం సువాఫారా మధ్యాహ్నమే సెలవడిగింది. మంచి బూట్లు వేసుకుని, నాలుగింటికే గేటు ముందు నిలబడింది.